రెండో దెబ్బ

“మీ ఆయనతో చెప్పమ్మాయ్. అన్నం తినే బల్ల మీద ఆ కాగితాలు పరచొద్దని.”

ఆ ‘మీ ఆయన’ ఎక్కడో లేడు. అదే బల్లకి అటు చివర కూర్చుని ఉన్నాడు. చెయ్యి చాస్తే తండ్రి గ్లాసు అందుతుంది.

“మీ మామగారితో చెప్పు. ఇవి కాగితాలు కావు, వాల్వు డ్రాయింగులు. రేపు తొమ్మిదింటికి ట్రయల్. అప్పటిదాకా ఇవి నా కళ్ళముందే ఉంటాయని.”

కోడలు కూరగిన్నె పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడింది. ముందు మాట అందించాలో, కూర వడ్డించాలో తేలలేదు. నాలుగు రోజులుగా ఇదే వరస. ఉప్పు కావాలన్నా, తలుపు వెయ్యమన్నా, తప్పు నీదంటే నీదనుకోవాలన్నా తండ్రీకొడుకులకి అన్నీ ఆమె మీదుగానే. పెళ్ళయి ఇంకా మూడు నెలలు నిండలేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అప్పుడే తెలిసొచ్చింది.

“అమ్మాయ్!” ముందుగదిలో మంచం మీంచి కేక. “ఆ ఉత్తరాల బట్వాడా ఊరికే చెయ్యకు. ఖాకీ చొక్కా, సైకిలూ అడుగు!”

కేక పెట్టింది అత్తగారి తమ్ముడు. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని పటకారు అంటారు. ఇంట్లోనూ అదే పేరు స్థిరపడిపోయింది. ఇరవై ఏళ్ళుగా బావగారు కాలితో నడిపే పెద్ద హ్యామర్ ముందు నిలబడి, ఎర్రగా కాలిన ఇనుప ముక్కని పటకారుతో పట్టి తిప్పిన మనిషి. ఇప్పుడు మెడ కింద ఎముక విరిగి, ఎడమ చెయ్యి ఒంటికి కట్టేసి, అక్క ఇంట్లో మంచం ఎక్కాడు.

“నువ్వు నోర్ముయ్యరా,” అంది అత్తగారు వంటింట్లోంచి. “నవ్వితే ఎముక కదులుతుందన్నాడు డాక్టరు.”

“నేను నవ్వట్లేదక్కా. నవ్విస్తున్నాను. దానికి ఎముకతో పన్లేదు.”

ఎవరూ నవ్వలేదు. కోడలికి మాత్రం పెదవి చివర కదిలింది. దాన్ని కూరగిన్నె వెనక దాచుకుంది.

“ముప్ఫై ఒక్క ఏళ్ళు తొక్కాను ఆ పెడల్‌ని,” అన్నాడు పెద్దాయన, ఆమెనే చూస్తూ. “అగ్గిపెట్టె సగం తెరిచి నిలబెడితే, రెండు టన్నుల దిమ్మతో దాన్ని మూసి చూపించాను, ఒక్క పుల్ల విరక్కుండా. నా కాలి కింద రెండో దెబ్బ ఎప్పుడన్నా పడిందేమో అడుగు.”

“వాల్వు నాలుగుసార్లు విప్పి చూశానని చెప్పు. స్ప్రింగు మార్చాను. సీలు మార్చాను. గాలి ఎక్కడా కారట్లేదు. పెడల్ మీంచి కాలు పూర్తిగా ఎత్తితే దిమ్మ రెండోసారి పడదు. అది ఇనుము. దానికి అబద్ధం చెప్పడం చాతకాదని చెప్పు.”

“అంటే, అబద్ధాలు చెప్పేది నేనా?”

ఆ మాట నేరుగా కొడుకు ముఖం మీదికే వెళ్ళింది. పెద్దాయన నాలుక్కరుచుకున్నాడు. కోడలి వైపు తిరిగి, “అని అడుగు,” అన్నాడు.

అతను అడిగించుకోలేదు. సగం అన్నం వదిలేసి, డ్రాయింగులు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని లేచాడు. చుట్టేటప్పుడు వాటి మూలలకి గుచ్చిన పిన్నులు రెండో మూడో బల్ల మీంచి దొర్లి కింద పడ్డాయి. ఏరే ఓపిక ఎవరికీ లేదు.

ఆమె గేటు దాకా వెళ్ళింది.

“రాత్రి కాస్తయినా నిద్రపోయారా?”

“కళ్ళు మూస్తే దిమ్మ పడుతోంది,” అన్నాడతను. “ఒకటి కాదు. రెండు.”

ఇంకేదో చెప్పబోయి, ఆమె జడలో అంటుకున్న దూదిపోగు తీసేసి, వెళ్ళిపోయాడు. ఆ రెండు క్షణాలే ఆ పూటకి ఆమె సంపాదన.

ఆ వాల్వు సంగతి ఆమెకి తెలుసు. పెళ్ళయిన రెండో వారంలో స్టీలు గ్లాసులో చిన్న గిన్నె బోర్లించి, నీళ్ళు పోసి, పైకీ కిందికీ ఆడించి చూపించాడు. పెడల్ నొక్కితే గాలి వస్తుంది, దిమ్మ పడుతుంది. వదిలితే గాలి బయటికి పోతుంది, దిమ్మ పైకి లేచి ఆగుతుంది. అంతే. అర్థమైందని ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. గ్లాసులో నీళ్ళు పక్క మీద పడ్డాయి. ఆ తడి దుప్పటి ఆరేస్తూ మర్నాడు తనలో తనే ఎంత నవ్వుకుందో.

పాత పెడల్‌ని ఒంటి బరువంతా వేసి తొక్కాలి. తండ్రి మోకాలు అరిగిపోతోందని అతను కొత్త వాల్వు గీశాడు. ఇప్పుడు బొటనవేలు ఆనిస్తే చాలు. కాలు ఏమాత్రం మిగిలినా దిమ్మ మళ్ళీ దిగుతుంది, అంత సుతారం. బిగించిన నెలలోనే రెండుసార్లు ఒక దెబ్బ రెండు దెబ్బలయింది. రెండుసార్లూ ఇనుమే పాడయింది. మూడోసారి, గురువారం నాడు, పటకారు ముక్కని తిప్పుతుండగా పడింది. ఆ అదురుకి చేతిలోని పటకారు కొస పైకి లేచి ఆయన మెడ కింద తన్నింది.

హ్యామర్‌కి తాళం పడింది. తప్పు వాల్వుదా, మనిషిదా అన్నది రేపు ఇన్‌స్పెక్టరు ముందు తేలాలి. ఏది తేలినా ఈ ఇంట్లో ఒకరు తలదించుకోవాలి.

అత్తగారు తమ్ముడి మాత్రల కోసం ఆస్పత్రికి వెళ్ళింది. పటకారు మందు మత్తులో కునుకు తీస్తున్నాడు. కోడలు గిన్నెలు కడుగుతోంది.

టిక్.

కుళాయి కారుతోందనుకుని బిగించింది.

టిక్. కాసేపటికి మళ్ళీ టిక్.

గడియారం కాదు. ఆ చప్పుడు నడుస్తోంది. హాల్లోంచి పెరటి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగి, వెనక్కి వస్తోంది. ఆమె చెయ్యి తుడుచుకుని తొంగి చూసింది. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తున్నాడు. కుడికాలు నేల తాకినప్పుడల్లా టిక్. సిమెంటు గచ్చు మీద అడుగడుక్కీ ఎర్రటి చుక్క.

“మామయ్యా, ఒక్కసారి ఇలా కూర్చోండి.”

“ఎందుకు?”

“కూర్చోండి చెబుతాను.”

ఆమె గొంతులో ఏం వినిపించిందో, ఆయన కూర్చున్నాడు. ఆమె కింద కూర్చుని ఆయన కుడిపాదం ఎత్తి చూసింది. మడమలో డ్రాయింగు పిన్ను తల దాకా దిగి ఉంది. గోరుతో లాగి, అరచేతిలో పెట్టి చూపించింది.

పెద్దాయన దాన్ని ఎవరిదో వస్తువులా చూశాడు.

“ఎప్పుడు గుచ్చుకుందో.”

“నొప్పెయ్యలేదా?”

“ఫోర్జిలో, కొలిమి ముందు పనిచేసేవాడి కాలమ్మా. గాడిద తోలు.”

ఆమె ఊరుకోలేదు. “అటు తిరగండి. ఇప్పుడు ఏ వేలు పట్టుకున్నానో చెప్పండి.”

“ఇదేమిటి చిన్నపిల్లల ఆట?”

“చెప్పండి.”

ఆయన గోడకేసి చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. వేలు చెప్పడానికి అంత ఆలోచన దేనికి?

“బొటనవేలు.”

ఆమె పట్టుకున్నది చిటికెన వేలు. కాదని చెప్పలేదు. ఆయన తిరిగి చూసుకున్నాడు.

“రెండేళ్ళయింది,” అన్నాడు చివరికి. “ముందు వేళ్ళు పోయాయి. తర్వాత అరికాలు. డాక్టరు షుగరన్నాడు. నేను దిమ్మ అదురన్నాను. ఏదైతేనేం, కాలు నాది కాకుండా పోయింది.”

“మరి పెడల్ ఎలా తొక్కేవారు?”

“చెవితో.”

ఆమెకి అర్థం కాలేదు.

“పెడల్ వదిలితే గాలి బయటికి తంతుంది కదా, హుస్సుమని. ఆ మోత బట్టి కాలెంత లేచిందో తెలుస్తుంది. పూర్తిగా లేచాక చివర్లో ఒక చిన్న చప్పుడు, పిల్లి తుమ్మినట్టు. అది విన్నాకే నేను తల ఊపేది, ముక్క తిప్పమని. రెండేళ్ళూ ఒక్కనాడు తప్పలేదు.” ఆయన ఆగాడు. “కొత్త వాల్వు బిగించాక మీ ఆయన ఆ గాలి పోయేదానికి గొట్టం వేసి పైకప్పు దాటించాడు. నాన్నకి చెవుడు వచ్చేస్తోంది, చప్పుడు తగ్గాలని. మంచికే చేశాడు.”

నాలుగు రోజుల్లో కొడుకు గురించి ఆయన నోట వచ్చిన మొదటి మంచిమాట అది.

“ఆ రోజునుంచీ నాకు పిల్లి తుమ్మడం వినపళ్ళేదు.”

ఆమెకి నాలుగుసార్లు విప్పిన వాల్వు గుర్తొచ్చింది. మార్చిన స్ప్రింగు, మార్చిన సీలు, నిద్రలేని ఆ కళ్ళు. లోపం లేని ఇనుములో లోపం వెతుకుతున్నాడు అతను.

“ఆయనకి ఒక్కమాట చెప్పి ఉంటే...”

“ఏమని? మీ నాన్న కాలు చచ్చిందనా? ఇంకో ఐదు నెలలు తల్లీ. ఐదు నెలల్లో రిటైరై దిగిపోతాను. ఆ ఫోర్జి షాపులోంచి నా అంతట నేను నడిచి బయటికి రావాలి. పనికిరాడని పంపితే కాదు.” ఆయన పాదం వెనక్కి తీసుకున్నాడు. “నువ్వు చెప్పవు కదూ?”

“రేపు పటకారు ఎవరు పడతారు మామయ్యా?”

“ఎవడో ఒకడు. పక్క హ్యామర్ నుంచి ఎవణ్ణో పంపుతారు.”

ఎవడో ఒకడు. ఆ మాటకి ముఖం లేదు. ముఖం లేనివాడి కోసం ఎంతని దిగులు పడగలదు? ఆమె దూది తెచ్చి, మడమ తుడిచి, “ఊఁ,” అంది. ఆ ‘ఊఁ’ ఒట్టో కాదో ఆమెకే తెలియదు. పెద్దాయన మాత్రం ఒట్టు కిందే వేసుకున్నాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అతను తిరిగొచ్చాడు. చేతులు కూడా కడుక్కోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“పటకారు పట్టడానికి ఒక్కడూ ముందుకి రాలేదు,” అన్నాడు ఎవరితోనూ కాకుండా. “అందుకని నేనే పడతానన్నాను. వాల్వులో లోపం లేదని చెబుతున్నవాణ్ణి, నా చేతులే పెట్టి చూపిస్తాను.”

“నీకేమన్నా మతి పోయిందా!” అత్తగారు చేటతో సహా బయటికొచ్చింది. “ఒకణ్ణి మంచానికి కట్టుకుని కూర్చున్నాను, చాలదా?”

“పటకారు కొస పొట్టకి ఎదురుగా పట్టకు అల్లుడూ,” మంచం మీంచి పటకారు గొంతు. ఆ గొంతులో మొదటిసారి వేళాకోళం లేదు. “పక్కకి పట్టు, నడుము పక్కకి. తన్నినా గాల్లో తంతుంది. నేను ఆ రోజు ఒక్క జానెడు మధ్యకి వచ్చాను. ఇలా రా, చూపిస్తాను.”

మంచి చేత్తో విసనకర్ర పట్టుకుని, కూర్చునే, మేనల్లుడికి పట్టు నేర్పాడు. ముంజేయి ఎక్కడ సడలాలో, మోకాలు ఎక్కడ మడవాలో. మధ్యలో నొప్పికి పళ్ళు బిగించాడు. నేర్పడం ఆపలేదు.

కోడలు మామగారిని చూసింది. ఇప్పుడైనా చెబుతాడు. కన్నకొడుకు చేతులు. ఇప్పుడు చెప్పక తప్పదు.

పెద్దాయన గ్లాసులో మంచినీళ్ళు చివరిదాకా తాగాడు.

“సరే,” అన్నాడు.

ఆమె ఆయన వెనకే పెరట్లోకి వెళ్ళింది. “మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

“గొట్టం విప్పేయమను,” అన్నాడాయన గబగబా, ముందే కూడబలుక్కున్నట్టు. “రెండే రెండు బోల్టులు. గాలి షాపులోకే తన్నితే నాకు వినపడుతుంది. వినపడితే నేను తప్పను. ఎందుకని అడిగితే ముసలాడి చాదస్తం అను.”

“తప్పితే?”

“నా కొడుకమ్మా వాడు.”

“అందుకే అడుగుతున్నాను మామయ్యా.”

ఆయన కుంటకుండా, నొప్పి లేని కాలితో, తాపీగా లోపలికి వెళ్ళిపోయాడు.

అతను ముందుగది బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుంది. ఎన్నో సాయంత్రాలు ఆ మెట్టు మీద ఇద్దరూ ఒకే గ్లాసులో టీ తాగారు, రెండో గ్లాసు కడగాల్సి వస్తుందనే వంకతో. ఇవాళ భుజానికి భుజం తగిలినా ఇద్దరి మధ్యా ఓ మనిషి పట్టేంత ఖాళీ.

“ఆ గొట్టం విప్పేస్తారా?”

“ఏ గొట్టం?”

“పైకప్పు మీదికి వేశారే, అది.”

“ఎందుకు?” అతను తిరిగి చూశాడు. “నాన్న చెప్పమన్నాడా?”

ముసలాడి చాదస్తం అనాలి. నాలుక మీదే ఉంది. పెళ్ళయ్యాక ఆమె అతనికి ఒక్క అబద్ధమూ చెప్పలేదు. కూర మాడితే కూడా మాడిందనే చెప్పింది. మొదటిది ఇదా?

“ఆయనకి కుడిపాదం తెలియట్లేదు,” అంది.

పిన్ను సంగతి, వేలు సంగతి, పిల్లి తుమ్ము సంగతి అన్నీ చెప్పింది. అంతా విన్నాక అతను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు.

“వాల్వు బిగించింది నెల మొదట్లో. గొట్టం వేసింది ఆ తర్వాతి వారం, మంగళవారం. మొదటిసారి రెండో దెబ్బ పడింది ఆ మర్నాడే, బుధవారం.” ఓ నవ్వులాంటిది వచ్చి, మధ్యలోనే చచ్చిపోయింది. “చప్పుడు తగ్గించావని మేనేజరు చెయ్యి కలిపాడు నాతో.”

“మీ తప్పు కాదు.”

“నాన్న తప్పా?”



“కాలితో పనిలేకుండా చెయ్యలేరా?” అంది ఆమె. “రెండు చేతులకీ రెండు మీటలు పెట్టి, రెండూ నొక్కితేనే దిమ్మ పడేలా?”

“చెయ్యొచ్చు. దెబ్బకోసారి వదిలి మళ్ళీ నొక్కితే తప్ప రెండోది పడకుండా కూడా చెయ్యొచ్చు. ముందే ఆ పని చెయ్యాల్సింది.” అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. “నెల పడుతుంది. నెల గడువు ఎందుకని అడుగుతారు. చెబితే నాన్న రేపు మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాడు, ఇక ఎప్పటికీ.”

“మరి?”

“ఆరింటికే వెళ్ళి గొట్టం విప్పేస్తాను. ట్రయల్ అయిపోతుంది. తర్వాత మెల్లిగా మీటలు పెడతాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.”

“పటకారు?”

“నేనే పడతాను.”

ఆమెకి ఒక్కసారి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపు కన్నా ముందు విసుగొచ్చింది. “నేను చెప్పింది ఎందుకనుకున్నారు? తెలిశాక మీరు చేతులు పెట్టరని!”

“నాన్న చెవి నాకు తెలుసు. వీధి చివర వస్తున్న నా సైకిల్ చప్పుడు బట్టి చైన్ వదులైందని ఇక్కడ్నుంచి చెప్పేవాడు.” అతని గొంతులో నాలుగు రోజులుగా లేని మెత్తదనం. “రెండేళ్ళు చెవితోనే తొక్కాడు. ఏమైనా అయిందా? గొట్టం వేసేదాకా ఏమీ కాలేదుగా.”

“నాలుగు రోజులుగా ఒకళ్ళతో ఒకళ్ళకి మాటల్లేవు. పిచ్చిపనికి మాత్రం మాట్లాడుకోకుండానే ఒక్కటైపోయారు తండ్రీకొడుకులు!”

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె లాక్కోలేదు, బిగించనూ లేదు. అలిసిపోయింది.

“అమ్మాయ్.”

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వాళ్ళ తలల వెనకే ముందుగది కిటికీ. చువ్వల అవతల, చీకట్లో, మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు పటకారు.

“బాబాయిగారూ, మీరు పడుకున్నారనుకున్నాను.”

“ఇరవై ఏళ్ళు పట్టాను. బావ తల ఊపితే తిప్పాను. దిమ్మ కేసి ఎప్పుడూ చూడలేదు, బావ తల కేసే చూసేవాణ్ణి.” మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. “ఏమైనా అయిందా అంటున్నాడు నీ మొగుడు. ఆ రెండేళ్ళూ దాని కింద చేతులు పెట్టింది నేను.”

అతను లేచి నిలబడ్డాడు. “మామయ్యా...”

“నువ్వుండరా. నీకిప్పుడే తెలిసింది. బావ సంగతి తర్వాత, ఆయనా నేనూ చూసుకుంటాం.” చువ్వల సందులోంచి ఆయన కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. “నీకు మధ్యాహ్నం తెలిసింది. నేను పక్క గదిలోనే ఉన్నాను. సాయంత్రం నీ మొగుడి చేతుల దాకా వస్తేగానీ నోరు పెగల్లేదా తల్లీ?”

ఆమె నోరు తెరిచింది. ఎవడో ఒకడు అన్న మాట గుర్తొచ్చింది. తల దించుకుంది.

“రేపు ఇన్‌స్పెక్టరు నన్నూ రమ్మన్నాడు, ఏం జరిగిందో చెప్పమని. బండి పంపుతారట, ఎనిమిదిన్నరకి.” గొంతులో కోపం లేదు. కోపమైతే ఎంత బాగుండేదో అనిపించింది ఆమెకి. “చదువుకున్నదానివి. బావ పరువూ, వీడి చేతులూ, నా ఎముకా అన్నీ చూసినదానివి. ఏం చెప్పాలో నువ్వే ఆలోచించి పొద్దున్నకి చెప్పు. నువ్వు చెప్పిందే చెబుతాను.”

ఆయన కిటికీ మూయబోయాడు. పనిచేసే చెయ్యి ఒక్కటే. ఒక రెక్క మూసుకుంది. రెండోది అందలేదు.